తవ్వే ముందు ఒక్క మాట!

కరెంటు తీగ నెత్తిమీద ఉంటే అందరికీ కనిపిస్తుంది. ఒరిగిన స్తంభాన్ని, వేలాడే వైరును చిన్నపిల్లాడైనా చూపిస్తాడు. అదే తీగ నేల లోపల ఉంటే? అది ముసలిదైపోయిందని ఎవరికి తెలుస్తుంది? దాన్ని తీసి కొత్తది వేయడానికి వీధంతా తవ్వాల్సి వస్తే ఎవరినైనా అడగాలా, అక్కర్లేదా? అడిగితే పని ఆగిపోతుందా... ఇంకా బాగా జరుగుతుందా?

కనిపించే తీగ కథ

సూర్యాపేటను ఆనుకుని ఉన్న చివ్వెంల మండలంలో ఏ ఊరికెళ్లినా తలెత్తి చూస్తే తీగలే. ఊళ్లోకి వచ్చే లైను, పొలాల వైపు మళ్లే లైను, బోరుబావుల కోసం గట్ల పక్కన నిలబెట్టిన ట్రాన్స్‌ఫార్మర్లు... కరెంటు ఎటునుంచి వచ్చి ఎటు పోతోందో కళ్లతోనే చూడొచ్చు. గాలివానకు స్తంభం ఒరిగితే లైన్‌మన్‌కు మొదటి ఫోను చేసేది ఊరివాళ్లే. కోత మిషను వెళ్లే దారిలో వైరు కిందికి జారిందని ముందుగా గమనించేదీ వాళ్లే.

ఆ చూపునకు ఎంత విలువుందో 2019లో తెలంగాణ పల్లెలన్నిటికీ తెలిసొచ్చింది. ఆ ఏడాది సెప్టెంబరు 6న మొదలైన ముప్ఫై రోజుల గ్రామ ప్రణాళికలో కరెంటు పనుల కోసమే ‘పవర్ వీక్’ అని ఒక వారాన్ని కేటాయించారు. ఒరిగిన స్తంభాలు, తుప్పుపట్టిన స్తంభాలు, జారిపోయిన తీగలు ఎక్కడెక్కడున్నాయో గుర్తించి సరిచేయడం, వీధిదీపాల కోసం విడిగా మూడో తీగ లాగడం అప్పటి లక్ష్యం. ఇందులో పెద్ద సాంకేతిక రహస్యమేమీ లేదు. ఏ మలుపులో ఏ స్తంభం ప్రమాదంగా ఉందో కాగితాల కన్నా ముందు ఊరివాళ్ల నోట్లో ఉంటుంది. అడిగితే చెబుతారు. అంతే!

మరి అదే తీగ భూమిలోకి దిగిపోతే? ఊరివాళ్ల చూపు పనికిరాకుండా పోతుందా? పట్టణాలు పెరుగుతున్న కొద్దీ, నేలకింది కేబుళ్లు పాతబడుతున్న కొద్దీ ఈ ప్రశ్న మన గుమ్మం దగ్గరికి వస్తోంది. హైదరాబాద్‌లో, విశాఖలో ఇప్పటికే వచ్చింది. రేపు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ లాంటి పట్టణాలకు రావచ్చు. అప్పుడు తెలుసుకోవడం కన్నా ఇప్పుడే తెలుసుకుంటే మేలు కదా!

స్తంభం దిగిన తీగ

కరెంటును నేలలో పారించడం కొత్త ఆలోచనేం కాదు. 1882లో థామస్ ఎడిసన్ న్యూయార్క్‌లోని పెర్ల్ స్ట్రీట్‌లో కరెంటు అమ్మకం మొదలుపెట్టినప్పుడే తీగల్ని నేలకింద వేయించాడు. ఆ ఊళ్లో మిగతా తీగలన్నీ స్తంభాల మీదే ఉండేవి. 1888 మార్చిలో వచ్చిన మంచు తుఫానుకు టెలిగ్రాఫ్ తీగలూ కరెంటు తీగలూ కుప్పకూలాయి. ఆ దెబ్బతో ఆ నగరం తీగల్ని భూమిలోకి దించే పనిని వేగం చేసింది.

మనకు అలాంటి పాఠం 2014 అక్టోబరు 12న ఎదురైంది. హుద్‌హుద్ తుఫాను గంటకు దాదాపు 180 కిలోమీటర్ల వేగంతో విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. చెట్లు, స్తంభాలు, టవర్లు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. నగరంలో చాలా ప్రాంతాలు రోజుల తరబడి చీకట్లో మగ్గాయి. కరెంటు లేదంటే మోటారు లేదు, మోటారు లేదంటే నీళ్లు లేవు. ‘తీగలు నేలకింద ఉండి ఉంటే...’ అనే మాట అప్పుడు గట్టిగా వినిపించింది. ఆ తర్వాతే విశాఖలో భూగర్భ కేబుళ్ల ప్రాజెక్టు పట్టాలెక్కింది.

హైదరాబాద్‌లోనూ అంతే. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు పాకి అయిదుగురు ప్రాణాలు కోల్పోయారు. దాంతో తలమీది తీగల్ని నేలకింద వేయాలన్న చర్చ మళ్లీ ముందుకొచ్చింది.

భూగర్భ కేబుల్‌కు గాలివాన భయం లేదు. చెట్టుకొమ్మ విరిగి పడుతుందన్న దిగులు లేదు. గాలిపటం మాంజా చిక్కుకోదు. వీధి విశాలంగా కనిపిస్తుంది. ఇవన్నీ నిజమే. కానీ ఒక సంగతి చాలామంది మరిచిపోతారు. నేలలో పాతిపెట్టినంత మాత్రాన తీగకు ముసలితనం రాకుండా పోదు!

భూమిలో ఉన్నా వయసు ఆగదు

ఒక పాత కేబుల్‌ను అడ్డంగా కోస్తే లోపల పొరలు పొరలుగా కనిపిస్తుంది. మధ్యలో రాగి లేదా అల్యూమినియం తీగ. దాని చుట్టూ నూనెలో నానబెట్టిన కాగితం. దానిపైన సీసపు తొడుగు. ఆపైన ఇనుప కవచం. పాతకాలపు కేబుళ్లు చాలావరకు ఇలాంటివే. తర్వాతి కాలంలో కాగితం స్థానంలో ఎక్స్‌ఎల్‌పీఈ అనే గట్టి ప్లాస్టిక్ వచ్చింది. ఇప్పుడు వేస్తున్న కేబుళ్లు దాదాపుగా ఇవే. లోపలి తీగ 90 డిగ్రీల వరకు వేడెక్కినా ఇవి తట్టుకుంటాయి. కాగితం కేబుళ్లకు అంత ఓపిక లేదు.

ఏ కేబుల్ అయినా ముసలిదవడానికి కారణాలు నాలుగు.

మొదటిది వేడి. ఇరవై ఇళ్లున్నప్పుడు వేసిన కేబుల్ మీద రెండొందల ఫ్లాట్లు, ఇంటికి రెండు ఏసీలు పడితే అది లోలోపల ఉడికిపోతుంది. పైన తీగకు గాలి తగిలి చల్లబడుతుంది. నేలలోని తీగకు ఆ సుఖం లేదు. వేడంతా మట్టిలోంచే పోవాలి.

రెండోది తడి. వానాకాలంలో నీరు నిలిచేచోట, మురుగు కాల్వ పక్కన కేబుల్ ఉంటే తేమ సన్నసన్నగా లోపలికి దిగుతుంది. ప్లాస్టిక్ పొరలో చెట్టు వేళ్లలాగా సన్నని చీలికలు పాకుతాయి. ఇంజినీర్లు వీటిని కూడా ‘నీటి చెట్లు’ అనే అర్థం వచ్చే పేరుతోనే పిలుస్తారు. ఆ వేరు లోపలి తీగ నుంచి పైతొడుగు దాకా పాకిన రోజున కేబుల్ పేలుతుంది.

మూడోది అతుకు. ఒక కేబుల్ తెగితే రెండు ముక్కల్ని కలిపి జాయింట్ వేస్తారు. ఆ పని శుభ్రంగా, పొడిగా, ఓపిగ్గా చేయాలి. వాన కురుస్తుంటే, జనం ‘కరెంటెప్పుడొస్తుంది?’ అని మీదపడుతుంటే అర్ధరాత్రి టార్చిలైటు వెలుగులో వేసిన అతుకు ఎంతకాలం ఉంటుంది? కేబుల్ మీద అతుకుల సంఖ్య పెరిగిందంటే దాని కాలం దగ్గరపడినట్టే.

నాలుగోది మనిషి. మంచినీళ్ల పైపు కోసం ఒకరు, మురుగు కాల్వ కోసం ఇంకొకరు, ఇంటర్నెట్ వైరు కోసం వేరొకరు తవ్వుతారు. జేసీబీ పంటికి కేబుల్ తగిలితే వెంటనే తెగిపోవడం ఒకరకంగా అదృష్టం, లోపం తెలిసిపోతుంది. పైతొడుగు మాత్రమే చీలి, ఎవరూ చూడకుండా మట్టి కప్పేస్తేనే అసలు ప్రమాదం. రెండు వానాకాలాలు గడిచాక అది పగ తీర్చుకుంటుంది.

స్తంభం మీద తీగ తెగితే కింద నుంచి చూసి చెప్పొచ్చు. నేలలో తెగితే? లోపాన్ని వెతికే పరికరాలున్న వ్యాను రావాలి. కేబుల్ లోకి ఒక విద్యుత్ అల పంపి, అది లోపమున్నచోట తగిలి వెనక్కి వచ్చే సమయాన్ని బట్టి దూరం లెక్కకడతారు. తర్వాత గట్టి అలలు పంపుతూ నేలమీద చెవిపెట్టి వింటూ నడుస్తారు. లోపమున్నచోట లోపల్నుంచి ‘ధబ్... ధబ్’ అని శబ్దం వస్తుంది. అక్కడ తవ్వాలి. ఈ లోపు గంటలు గడిచిపోతాయి, ఒక్కోసారి రోజే గడిచిపోతుంది.

చూద్దాంలే అనుకుంటే...

ముసలి కేబుల్‌ను ‘ఇంకో ఏడాది లాగుదాం’ అనుకుంటే ఏమవుతుందో తెలుసుకోవాలంటే న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ కథ వినాలి. ఆ నగర నడిబొడ్డుకు నాలుగు ప్రధాన భూగర్భ కేబుళ్లు కరెంటు తెచ్చేవి. వాటిలో రెండు గ్యాస్ నింపిన పాతకాలపు కేబుళ్లు. 1998 జనవరిలో, మండువేసవిలో ఒకటి చెడిపోయింది. మిగతా మూడూ ఉన్నాయి కదా అనుకున్నారు. ఫిబ్రవరిలో రెండోది పోయింది. భారమంతా మిగతా రెండింటి మీద పడింది. ఫిబ్రవరి 20 నాటికి నాలుగూ చేతులెత్తేశాయి.

అంతే! ఆఫీసులు, దుకాణాలు, హోటళ్లు, లిఫ్టులు అన్నీ ఆగిపోయాయి. వ్యాపార కేంద్రం దాదాపు అయిదు వారాలు జనరేటర్ల మీద కాలక్షేపం చేసింది. చివరికి ఏం చేశారో తెలుసా? రైలు పట్టాల పక్కన హడావుడిగా స్తంభాలు పాతి తాత్కాలికంగా తలమీది లైను వేశారు!

కాబట్టి పాత కేబుల్‌ను సకాలంలో మార్చాల్సిందే. ఇందులో రెండో మాట లేదు. ఎలా మార్చాలన్న దగ్గరే వీధివాళ్ల అవసరం పడుతుంది.

వేపచెట్టు కాడ అతుకుంది సారూ!

ఒక పట్టణంలో ఒక పాత వీధి. 11 కేవీ కేబుల్ మార్చాలి. సాయంత్రం ఆరింటికి కమ్యూనిటీ హాలు ముందు కుర్చీలు వేశారు. ఏఈ మ్యాపు తెచ్చారు. ఇది ఊహించిన సన్నివేశమే. కానీ ఇందులోని మాటలు మీ వీధిలోనూ వినిపిస్తాయో లేదో చూడండి.

“సారూ, గా మ్యాపుల మీ వైరు రోడ్డుకు ఎడమ దిక్కున్నది. కానీ గీడ కుడి దిక్కుకు మళ్లింది” అంటుంది ఒక పెద్దావిడ.

“నీకెట్ల తెలుసు పెద్దమ్మా?”

“తెల్వకేంది! మంచినీళ్ల పైపుకు తవ్వినప్పుడు తెగింది. మూడు దినాలు కరెంటు లేదు. గా వేపచెట్టు కాడ అతుకేసి పూడ్చిండ్రు. గప్పటి సంది వాన పడితే గాడ్నే బుడగలొస్తయ్.”

ఏఈ పెన్ను తీసి మ్యాపు మీద వేపచెట్టు దగ్గర గుర్తు పెట్టుకుంటాడు. ఆఫీసు రికార్డులో లేని అతుకు ఒకటి దొరికింది!

“అన్నా, పని ఎప్పుడు మొదలువెడ్తరు?” అని అడుగుతాడు బట్టల దుకాణమాయన. “దసరా ముంగట తవ్వితే మా గిరాకీ అంత మట్టిల కలుస్తది. పండుగ అయినంక వెట్టుకోర్రి.”

“మా బాపుకు రాత్రి ఆక్సిజన్ మిషను నడవాలె సార్. కరెంటు తీసే గంట ముందుగాల జెప్తే సిలిండర్ తెచ్చుకుంటం” అంటాడు ఇంకో కుర్రాడు.

“గా పెద్ద డబ్బా స్కూలు గేటు ముంగట వెట్టొద్దు తమ్మీ, పిల్లలు ఆడ్నే నిలవడ్తరు” అంటారు రిటైరైన టీచరు.

ఆ డబ్బా పేరు ఆర్‌ఎంయూ. వీధి మలుపుల్లో ఇనుప బీరువాలా నిలబడి ఉండేది అదే. కేబుల్‌ను ఒక గొలుసులా కలిపి, ఒకచోట లోపం వస్తే రెండోవైపు నుంచి కరెంటు ఇవ్వడానికి అది ఉపయోగపడుతుంది. తప్పకుండా కావాల్సిందే. అయితే అది స్కూలు గేటు ముందే ఉండాలని ఏ రూలూ లేదు. ముప్ఫై అడుగులు జరిపితే సరిపోవచ్చు. ఆ ముప్ఫై అడుగుల సంగతి మ్యాపుకు తెలియదు, టీచరుకు తెలుసు.

చూశారా? ఆ గంటసేపట్లో ఎవరూ పని ఆపమనలేదు. ఒక దాగిన అతుకు బయటపడింది. తవ్వకం తేదీ మారింది. ఒక రోగి ప్రాణానికి భరోసా దొరికింది. డబ్బా చోటు మారింది. ఇవేవీ అడగకుండానే పని మొదలుపెట్టి ఉంటే? ఒక్కొక్కటీ ఒక్కో గొడవ అయ్యేది. గుంత తవ్వాక వచ్చే గొడవ ఖర్చు, గుంత తవ్వకముందు వేసే కుర్చీల ఖర్చు కన్నా ఎప్పుడూ ఎక్కువే!

విశాఖలో షరతుతో వచ్చిన అప్పు

ప్రజల్ని అడగాలన్నది మంచి మాటగానే మిగిలిపోకుండా, షరతుగా మారిన సందర్భం మన తెలుగు నేల మీదే ఉంది. హుద్‌హుద్ తర్వాత ఆంధ్రప్రదేశ్ విపత్తు పునరుద్ధరణ ప్రాజెక్టుకు 2015లో ప్రపంచ బ్యాంకు 25 కోట్ల డాలర్ల రుణం మంజూరు చేసింది. విశాఖలో భూగర్భ కేబుళ్లు వేయడం అందులో ఒక భాగం. ఈపీడీసీఎల్ ఆ పనులు చేపట్టింది.

అలాంటి రుణంతో జరిగే పనికి కొన్ని నియమాలుంటాయి. పని వల్ల ఎవరికి ఏ ఇబ్బంది కలుగుతుందో ముందే అంచనా వేయాలి. ఆ ప్రాంతంవాళ్లతో మాట్లాడాలి. ఆ వివరాలు బయటపెట్టాలి. ఫిర్యాదు చేయడానికి ఒక దారి ఉండాలి. ఫుట్‌పాత్ మీద ఇడ్లీ బండి పెట్టుకున్న మనిషికి నాలుగు రోజులు గిరాకీ పోయినా అది నష్టమే అని లెక్కలోకి తీసుకోవాలన్నది ఈ నియమాల వెనకున్న ఆలోచన.

విశాఖ పనులు ఒక ఏడాదిలో తేలలేదు, ఏళ్లు పట్టాయి. రద్దీ రోడ్లు, నేలకింద అప్పటికే ఉన్న పైపులు, కాల్వలు, రకరకాల శాఖల అనుమతులు... ఒక బతికున్న నగరంలో నేల తవ్వడమంటే నడుస్తున్న బస్సుకు టైరు మార్చడమే. అందుకే వీధివాళ్లతో ముందే మాట్లాడుకోవడం మర్యాద కోసం కాదు, పని సాగడం కోసం.

చట్టం ఏమంటోంది?

‘అడగాల్సిన అవసరం ఉందా?’ అనే ప్రశ్నకు చట్టంలో సగం జవాబు ఉంది.

2003 విద్యుత్ చట్టంలోని 67వ సెక్షన్ ప్రకారం లైసెన్సు ఉన్న విద్యుత్ సంస్థకు వీధిని తవ్వే అధికారం ఉంది. అయితే అదే సెక్షన్ ఒక బాధ్యతనూ పెట్టింది. వీలైనంత తక్కువ నష్టం, తక్కువ అసౌకర్యం కలిగేలా పని చేయాలి. నష్టం జరిగితే పూర్తి పరిహారం ఇవ్వాలి. ఇక ప్రైవేటు స్థలంలోంచి లైను వేయాలంటే 2006 నాటి నిబంధనల ప్రకారం యజమాని అనుమతి ముందుగా తీసుకోవాలి. ఆయన కాదంటే జిల్లా మేజిస్ట్రేటు దగ్గరకు వెళ్లాలి.

2020 డిసెంబరులో కేంద్రం తెచ్చిన వినియోగదారుల హక్కుల నిబంధనల్లో ఇంకో మంచి మాట ఉంది. ముందే అనుకున్న కరెంటు కోత వివరాల్ని వినియోగదారులకు చెప్పి తీరాలి. అనుకోకుండా లోపం వస్తే వెంటనే ఎస్సెమ్మెస్ లాంటి మార్గంలో సమాచారం ఇచ్చి, ఎప్పటికి బాగవుతుందో కూడా చెప్పాలి.

2023 మార్చిలో ‘కాల్ బిఫోర్ యు డిగ్’ అనే యాప్ వచ్చింది. పేరులోనే ఉంది సంగతంతా. ఎవరైనా తవ్వబోతుంటే ఆ చోట కేబులో పైపో ఉన్న సంస్థకు ముందే కబురు అందాలన్నది దాని ఉద్దేశం. శాఖకూ శాఖకూ మధ్య ‘తవ్వే ముందు ఒక్క మాట’ అన్నమాట!

ఇవన్నీ ఉన్నా, కేబుల్ మార్చే ప్రతి వీధిలో సభ పెట్టి తీరాలని ఈ చట్టం విధించలేదు. మిగతా సగం జవాబు అధికారుల మంచితనం మీద, మన చొరవ మీద ఆధారపడి ఉంది.

ఏది వాళ్లది? ఏది మనది?

అడగమన్నాం కదా అని అన్నీ మనమే నిర్ణయించలేం. ఏ మందం కేబుల్ వేయాలి, ఎంత లోతులో పాతాలి, ఎర్తింగ్ ఎలా ఇవ్వాలి అన్నవి ఇంజినీర్ల పనులు. 11 కేవీ కేబుల్‌ను కనీసం 90 సెంటీమీటర్లు... అంటే మూడడుగుల లోతున వేయాలని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. కింద ఇసుక పరిచి, పైన ఇసుక పోసి, ఇటుకలో పలకలో పేర్చి, హెచ్చరిక టేపు వేసి అప్పుడు మట్టి కప్పాలి. ‘మా ఇంటి ముందు కాస్త పైపైనే వేయండి, అరుగు పగలకుండా’ అని బతిమాలితే ఒప్పుకోకూడదు. ఒప్పుకుంటే రేపు గునపం దిగేది మన చేత్తోనే!

అలాగే ‘కేబుల్ కావాలి, డబ్బా మాత్రం పక్క వీధిలో పెట్టండి’ అని ప్రతి వీధీ అంటే డబ్బాకు చోటెక్కడ? గొంతు పెద్దదైనవాళ్ల ఇంటి ముందు నుంచి జరిగి, గొంతు లేనివాళ్ల గుడిసె ముందుకు చేరితే అది సంప్రదింపు కాదు, పెత్తనం. అందుకే సభకు రాలేని ముసలివాళ్ల దగ్గరకు, అద్దె ఇళ్లవాళ్ల దగ్గరకు, తోపుడుబండ్ల వాళ్ల దగ్గరకు అధికారులే వెళ్లాలి. నలుగురు పెద్దమనుషుల సంతకాలు తీసుకుని ‘ప్రజలు ఒప్పుకున్నారు’ అని రాసుకుంటే అతుకు పచ్చిగా ఉండగానే మట్టి కప్పినట్టే.

పని వేళలు, తేదీలు, డబ్బా చోటు, దుకాణాలకు దారి, పూడ్చిన రోడ్డు నాణ్యత... ఇవి మాత్రం వీధివాళ్లతో మాట్లాడి తేల్చుకోవాల్సినవి. అడిగి, విని, ఏం మార్చారో, ఏది ఎందుకు మార్చలేకపోయారో తిరిగి వచ్చి చెబితే అప్పుడది అసలైన సంప్రదింపు.

చివ్వెంల రైతుకేం పని?

‘పట్నంలో కేబుల్ మారిస్తే పల్లెలో మాకేంటి?’ అని అడగొచ్చు. చాలా ఉంది!

నేలకింది లైనుకు తలమీది లైనుతో పోలిస్తే ఖర్చు ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ డబ్బు ఆకాశం నుంచి ఊడిపడదు. ప్రభుత్వమైనా ఇవ్వాలి, లేదా కరెంటు చార్జీల్లోంచి రావాలి. 2000లో ఏర్పడిన సీపీడీసీఎల్ కిందే హైదరాబాదూ ఉంది, అప్పటి నల్గొండ జిల్లాలోని చివ్వెంలా ఉంది. 2014 తర్వాత సంస్థ పేరు టీఎస్‌ఎస్పీడీసీఎల్ అయింది, 2024లో టీజీఎస్పీడీసీఎల్ అయింది. ఇలా ఒకే గొడుగు కింద ఉన్నప్పుడు పట్నం వీధికి పెట్టే ఖర్చుకూ పల్లె ఇంటి బిల్లుకూ లంకె ఉంటుంది. పట్నంలో కేబుల్ వేయొద్దని కాదు. పొలంలో జారిన తీగ, గట్టు మీద ఒరిగిన స్తంభం కూడా అదే జాబితాలో ఉండాలని!

ఈ మాట చెప్పడానికి ఒక వేదిక ఉంది. చార్జీలు నిర్ణయించే ముందు డిస్కంలు తమ లెక్కల్ని విద్యుత్ నియంత్రణ మండలికి ఇస్తాయి. వాటిని ప్రకటించి, ప్రజల సూచనలు, అభ్యంతరాలు పరిశీలించాకే 120 రోజుల్లో మండలి తీర్పు చెప్పాలని చట్టంలోని 64వ సెక్షన్ అంటోంది. మండలి బహిరంగ విచారణలకు రైతు కూడా వెళ్లి మాట్లాడొచ్చు.

అడగకుండా, ఒప్పించకుండా భారం వేస్తే ఏమవుతుందో తెలుగువాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. చార్జీల పెంపును వ్యతిరేకిస్తూ జరిగిన ఆందోళనలో 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులకు ముగ్గురు బలయ్యారు. కరెంటు లెక్కల్లో జనం మాట ఎంత ముఖ్యమో చెప్పే చేదు జ్ఞాపకమది.

మీ వీధిలో తవ్వకం మొదలైతే...

* పని ఏ సంస్థది, కాంట్రాక్టరు ఎవరు, ఎప్పటికి పూర్తవుతుంది అని అడగండి. పని జరిగేచోట బోర్డు పెట్టమని కోరండి.

* ఇంట్లో ఆక్సిజన్ మిషను వాడేవాళ్లు, ఫ్రిజ్‌లో ఇన్సులిన్ పెట్టుకునేవాళ్లు ఉంటే ఆ సంగతి ముందే సెక్షన్ ఆఫీసులో రాతపూర్వకంగా ఇవ్వండి.

* మీ వీధిలో గతంలో ఎక్కడ కేబుల్ తెగిందో, వానకు ఎక్కడ నీరు నిలుస్తుందో గుర్తున్నంతవరకు చెప్పండి. మీకు చిన్న విషయమే కావచ్చు. లోపం వెతికేవాళ్లకు అదే పెద్ద ఆధారం.

* గుంత చుట్టూ అడ్డుకట్ట, రాత్రి ఎర్రదీపం ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే 1912కు ఫోన్ చేయండి.

* కేబుల్ మీద ఇసుక, ఇటుకలు, టేపు వేశాకే మట్టి కప్పుతున్నారా? చూడండి. వీలైతే ఫొటో తీసి పెట్టుకోండి.

* మీరే బోరు కోసమో, గేటు కోసమో, మొక్క కోసమో తవ్వుతుంటే ముందు లైన్‌మన్‌ను అడగండి. అడగడం అధికారులకు మాత్రమే కాదు, మనకూ నేర్పాల్సిన అలవాటే.

* ఆర్‌ఎంయూ డబ్బాల మీద బట్టలు ఆరేయకండి. వాటి పక్కన చెత్త కాల్చకండి. పిల్లల్ని దగ్గరికి పోనివ్వకండి.

గట్టు మీద నుంచి చూస్తే...

చివ్వెంల మండలంలోని దురాజ్‌పల్లిలో రెండేళ్లకోసారి పెద్దగట్టు జాతర జరుగుతుంది. లింగమంతుల స్వామి దర్శనానికి లక్షల మంది వస్తారు. గంపలు నెత్తిన పెట్టుకుని, డప్పుల మోత మధ్య గట్టెక్కుతారు. బండి ఎక్కడ ఆగాలి, జనం ఏ దారిన ఎక్కాలి, ఏ దారిన దిగాలి... తరతరాలుగా ఆ గట్టు ఎక్కినవాళ్లకు అది కంఠోపాఠం.

ఊరేగింపు ఎంత ఎత్తు ఉంటుందో తీగ వేసినవాళ్లకు తెలియకపోవచ్చు. ఊరికి తెలుసు. అతుకు ఎక్కడుందో రికార్డుకు తెలియకపోవచ్చు. వేపచెట్టు కింద కూర్చునే పెద్దమ్మకు తెలుసు. కేబుల్ కరెంటోళ్లదే. కానీ అది పడుకునే నేల మాత్రం ఆ వీధివాళ్లది. ఇంటికొచ్చిన చుట్టమైనా ‘ఎక్కడ పడుకోమంటారు?’ అని అడుగుతాడు. నలభై ఏళ్లు ఉండిపోయే కేబుల్ తరఫున ఆ ఒక్క మాట అడిగితే తప్పేముంది?